ఫోన్ చేసేంత జబ్బు

ఆసుపత్రిలో స్కానింగ్ గది బయట వరండా. బెంచీ మీద మామగారు, డ్యూటీ మధ్యలోంచి పరుగెత్తుకొచ్చిన కోడలు.

“ఇప్పుడే అంటే ఎప్పుడు మామయ్యా?”

“ఇప్పుడే అంటే ఇప్పుడేనమ్మా. టీచరుగారు ప్యాంటు కోసం వచ్చేముందే. అలా కూర్చునుంది, ఇలా ఒరిగిపోయింది.”

“అలా కూర్చుని ఇలా ఒరిగిపోయారా.”

“ఆ. డాక్టరుగారికి చెప్పానుగా. మళ్ళీ మళ్ళీ అదే అడుగుతావేంటి? ముందు నువ్వు కూర్చో. చూడు ఎలా రొప్పుతున్నావో. ఆటో దొరకలేదా?”

“ఆటో కోసం ఎవరాగారు? సగం దూరం పరుగే. మా అంబులెన్సు కాల్‌రూంలో పక్క సీటామె ఎత్తింది ఆ కాల్. ‘పెద్దావిడ, మూతి వంకర, మాట ముద్దగా వస్తోంది’ అంటూ టైపు చేస్తోంది. నేను వింటూనే ఉన్నా. రోజూ వినేదే కదా, నా పనేదో నేను చేసుకుంటున్నా. ఆ తర్వాత అడ్రసు పైకి చదివింది. టైలరుగారి ఇల్లు, కింద వాటా, నీలం గేటు అంది. మామయ్యా, మన గేటు రంగు ఇంకొకరి నోట్లోంచి వింటే ఎలా ఉంటుందో తెలుసా? హెడ్‌ఫోన్ తీసి ఎక్కడ పడేశానో కూడా గుర్తులేదు.”

“అయ్యో తల్లీ.”

“టీచరుగారు చేశారా ఫోన్?”

“ఆయనే. ప్యాంటు పొడుగు తగ్గించమని ఇచ్చాడు, తీసుకెళ్దామని వచ్చాడు. మీ అత్తయ్యని చూసీ చూడగానే జేబులోంచి ఫోన్ తీశాడు. ‘ఎందుకులెండి మాస్టారూ’ అంటున్నా, వినలేదు. మంచిదే అయింది. అబ్బాయికి చెప్పావా?”

“చెప్పా. లోడు దించకుండానే లారీ వెనక్కి తిప్పారు. ఎంత తోలినా పొద్దుపోయాకే చేరేది. మామయ్యా, ‘ఎందుకులెండి’ ఏంటి?”

“ఏదో నోటికొచ్చింది. కంగారులో.”

“కంగారుపడ్డవాళ్ళు ‘త్వరగా చెయ్యండి’ అంటారు. సరే, డాక్టరుగారు ఏమన్నారు మీతో? అన్నదన్నట్టు చెప్పండి.”

“మెదడులో నరానికి రక్తం గడ్డ అడ్డం పడిందిట. దాన్ని కరిగించే సూదుందిట. స్కాన్ అవ్వగానే ఇస్తారుట. ‘మొదలవగానే తీసుకొచ్చారు, అదృష్టవంతులు’ అన్నారు.”

“అదృష్టవంతులన్నారా.”

“అన్నారమ్మా, ఒట్టు. నా భుజం కూడా తట్టారు.”

“మామయ్యా, ఆ సూది సంగతి నాకు కొంచెం తెలుసు. టైములోపు ఇస్తే మనిషి లేచి నడుస్తుంది. టైము దాటిపోయాక ఇచ్చారనుకోండి, అప్పటికే పాడైన చోట నరం చిట్లుతుంది. తల లోపల రక్తం కారుతుంది. అందుకే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నా.”

“చిట్లుతుందా? ఆ మాట డాక్టరు చెప్పలేదే.”

“మీరు ‘ఇప్పుడే’ అన్నారు కాబట్టి చెప్పలేదు.”

“మరి ఇప్పుడేగా.”

“అత్తయ్య కుడిచేతికి నూనె ఎవరు రాశారు?”

“ఏ నూనె?”

“స్ట్రెచర్ లోపలికి తోస్తుంటే చెయ్యి పట్టుకున్నా. మోచేతి దాకా జిడ్డు. కాచిన నూనె వాసన.”

“అదా… రాత్రి రాసుకుందేమో. కీళ్ళనొప్పులు కదా.”

“కీళ్ళనొప్పులు మోకాళ్ళకి. చేతులకెప్పుడూ లేవు.”

“ఆడవాళ్ళు ఏ నూనె ఎక్కడ రాసుకుంటారో నాకేం తెలుసమ్మా?”

“పొద్దున నేను బయల్దేరుతుంటే ఆ చేత్తోనే నా బ్యాగు అందించారు. జిడ్డు లేదు.”

“నువ్వు గమనించి ఉండవు. ఆ హడావుడిలో.”

“మీ వేలికి అదేంటి?”

“ఏది?”

“చెయ్యి వెనక్కి పెట్టుకోకండి. ఆ ఇత్తడి తొడుగు. సూది గుచ్చుకోకుండా అత్తయ్య పెట్టుకునేది. మీరు జన్మలో పెట్టుకోలేదది. ‘నాది కత్తెర, నీది సూది’ అని పంచుకున్నారుగా ఇద్దరూ.”

“ఓ, ఇదా. తీయడం మర్చిపోయా.”

“ఎప్పుడు పెట్టుకున్నారు?”

“స్కూలు చొక్కాలు ఇవాళ ఇచ్చెయ్యాలి కదమ్మా. గుండీలు మిగిలిపోయాయి.”

“గుండీలు అత్తయ్య కుడతారు. ఎందుకు కుట్టలేదు?”

“సూదిలో దారం ఎక్కట్లేదంది.”

“కళ్ళద్దాలు పెట్టుకోలేదా?”

“కళ్ళు కాదమ్మా. వేళ్ళు. వేళ్ళు మాట వినట్లేదంది. సూది తీస్తుంది, జారిపోతుంది. మళ్ళీ తీస్తుంది, మళ్ళీ జారిపోతుంది. నవ్వింది కూడా. ‘ముసలిదాన్నయ్యా, సూదికి కూడా లోకువైపోయా’ అంది. నేనూ నవ్వా.”

“ఎప్పుడు మామయ్యా?”

“నువ్వెళ్ళాక.”

“వెళ్ళాక ఎంతసేపటికి?”

“గడియారం చూసుకుంటూ కూర్చుంటామా?”

“చూసుకోరు. ఇంట్లో అప్పుడేం జరుగుతోందో చెప్పండి, నేను లెక్క కట్టుకుంటా. కాల్‌రూంలో నా పనే అది.”

“నీళ్ళట్యాంకు నిండి పొర్లుతోంది. మోటరు కట్టేద్దామని లేవబోయింది. లేచినట్టే లేచి తూలింది. మిషను పట్టుకుని నిలబడింది.”

“మోటరు నేను వేసి వెళ్ళా.”

“ఆ.”

“నేనే వేసి వెళ్ళా మామయ్యా. అరగంటలో నిండుతుంది అది.”

“ఆ.”

“అంటే నేను బస్సు కూడా దిగలేదన్నమాట అప్పటికి.”

“అయ్యుంటుంది.”

“ఇప్పుడు మధ్యాహ్నం భోజనాల వేళ దాటిపోయింది!”

“కోప్పడకు తల్లీ. డాక్టరుగారు అడిగినప్పుడు ‘పొద్దున్నుంచీ’ అందామనే నోరు తెరిచా. ‘ఇప్పుడే’ అని వచ్చింది. వచ్చాక వెనక్కి తీసుకోలేకపోయా.”

“నర్సుగారూ! నర్సుగారూ, ఒక్క నిమిషం. లోపలున్న పెద్దావిడ మా అత్తయ్య. ఆవిడకి మొదలైంది ఇప్పుడు కాదు, పొద్దున్నే. నేను డ్యూటీకి బయల్దేరిన అరగంటకి. డాక్టరుగారికి చెప్పండి, ఆ సూది…”

“ఏంటమ్మా మీరనేది? ఇంకా గంట కూడా కాలేదన్నారే ఈ పెద్దాయన! అక్కడ మందు కలుపుతున్నారు.”

“కలపనివ్వకండి. పరుగెత్తండి, మీకు దణ్ణం పెడతా.”

“పొద్దున్నుంచా! ఆ మెళ్ళో కార్డు… మీరు అంబులెన్సు కాల్‌రూం వాళ్ళు కదూ? మీ ఇంట్లోనే ఇంత ఆలస్యమా అమ్మా? సరే, సరే. వెళ్తున్నా.”

“విన్నావా, ఎంత మాటందో!”

“ఉన్నమాటే అంది.”

“అమ్మా, ఒకవేళ ఇచ్చేసి ఉంటే?”

“తెలీదు.”

“కలుపుతున్నారు అంది కదా. కలపడమంటే ఇంకా ఇవ్వలేదనేగా?”

“తెలీదన్నానుగా మామయ్యా!”

“నా నోటితో నేనే చంపుకున్నట్టు అవుతుంది. గడ్డ చంపలేదు, నేను చంపా.”

“అలా మాట్లాడకండి. కూర్చోండి. నీళ్ళు తాగండి. ఇంకో గుక్క. ఇప్పుడు చెప్పండి. ఎందుకు చేయలేదు ఫోన్?”

“నీకు చేసినా ఎత్తవు కదమ్మా. డ్యూటీలో మీ ఫోన్లన్నీ పెట్టెలో పెట్టించేస్తారుగా.”

“నాకు కాదు. అంబులెన్సుకి.”

“మీ అత్తయ్య వద్దంది.”

“వద్దన్నారా?”

“‘మన పిల్ల అక్కడే కూర్చునుంటుంది, సూదిలో దారం ఎక్కట్లేదని ఫోన్ చేస్తే నలుగురిలో దానికి తల కొట్టేసినట్టు ఉండదూ’ అంది.”

“అలా అన్నారా అత్తయ్య?”

“ఆ. అలాగే అంది.”

“మూతి వంకర పోతున్నా?”

“మూతి కొంచెమేనమ్మా. ముందు నాకు తెలియనే లేదు. టీ తాగుతుంటే ఒక పక్కనుంచి కారింది. తుడిచా. అయినా మేం ఊరికే కూర్చోలేదు. నువ్వు చెప్పిన మూడూ చూశాం.”

“ఏ మూడు?”

“అదేంటమ్మా, నువ్వే కదా నేర్పావు. ఎక్కాలు చెప్పించినట్టు చెప్పించావు. రక్తం ధార కట్టాలి. ఊపిరాడకుండా పోవాలి. లేదా మనిషికి స్పృహ తప్పాలి. ఈ మూడింట్లో ఒకటుంటేనే ఆ నంబరు ముట్టుకోండి, లేకపోతే నా పరువు తియ్యొద్దు అన్నావు.”

“నవ్వుతూ అన్నా మామయ్యా.”

“నవ్వుతూనే అన్నావు. మేమే గట్టిగా పట్టుకున్నాం. వరసగా చూశాం ఇవాళ. రక్తం ఎక్కడా లేదు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టా, ఊపిరి వెచ్చగా తగులుతోంది. ఇక స్పృహ ఎలా తెలుస్తుంది? ‘మన మొదటి మిషను ఎవరి దగ్గర కొన్నాం, చెప్పు’ అన్నా. చెప్పింది. ముద్దముద్దగా చెప్పింది గానీ సరిగ్గానే చెప్పింది. వాడు మనల్ని ముంచేశాడని కూడా అంది. మూడింట్లో ఒక్కటీ లేదు. ఇంకేం చెయ్యమంటావు? నూనె కాచి రాశా.”

“మూతి వంకరైతే పిలవాలని చెప్పలేదా నేను?”

“చెప్పలేదమ్మా.”

“చెప్పే ఉంటా. మీరే మర్చిపోయుంటారు.”

“చెప్పుంటే మర్చిపోయేవాణ్ణి కాదు. నీ మాటలు మా ఇద్దరికీ రేడియో లాంటివి. నువ్వు డ్యూటీ నుంచి రావడం, అన్నం ముందు కూర్చుని మొదలెట్టడం, మేం చేతులు ఎండిపోతున్నా లేవకుండా వినడం. అందులో ఈ మూతి సంగతి ఎన్నడూ రాలేదు.”

“రోజుకి ఎంతమందికి చెప్తానో! ‘ఒకసారి నవ్వమనండి. రెండు చేతులూ పైకెత్తమనండి. ఒక వాక్యం పలికించండి. ఏది తేడాగా ఉన్నా వెంటనే చెప్పండి, బండి బయల్దేరుతుంది.’ నిద్రలో లేపినా అప్పజెప్తా. ఇంట్లో చెప్పలేదా నేను! ఊరందరికీ చెప్పి…”

“ఇంట్లో తమాషాలే చెప్పేదానివి.”

“తమాషాలే.”

“ఉంగరం వేలికి ఇరుక్కుంటే ఫోన్ చేసినాయన. చెవిలో నీళ్ళు పోయాయని చేసినావిడ. కల్లో కింద పడ్డానని, నిజంగా ఎముక విరిగిందేమో వచ్చి చూడమని చేసిన కుర్రాడు. అబ్బా, ఆ కుర్రాడి సంగతికి మీ అత్తయ్య పొలమారి చచ్చేంత పని చేసింది.”

“అవన్నీ నిజంగా జరిగినవే మామయ్యా. ఒక ఉంగరం వేలికి బండి పంపితే, అదే టైములో ఇంకో వీధిలో పసిబిడ్డకి ఊపిరాడకపోతే పంపడానికి బండి ఉండదు. అది కళ్ళారా చూశాక వొళ్ళు మండుతుంది. ఆ మంట ఇంటికొచ్చి నవ్వులాట చేసుకునేదాన్ని. లేకపోతే అన్నం దిగేది కాదు.”

“నీ తప్పని అనట్లేదమ్మా.”

“అనకపోతే అనకండి, తప్పు నాదే. ఫోన్ చేసేంత జబ్బా కాదా అని తేల్చాల్సింది మీరు కాదు. అది తేల్చడానికేగా నన్నక్కడ కూర్చోబెట్టింది. ‘ఏమండీ, మా ఆవిడకి సూది పట్టు దొరకట్లేదు, ఏమైనా ప్రమాదమా’ అని అడిగితే చాలు. ఎవరూ తిట్టరు. రెండు ప్రశ్నలేసి, కాదంటే కాదంటారు, అవునంటే బండి పంపుతారు. ఈ ముక్క చెప్పాల్సింది మీకు. దానికి బదులు మూడు లెక్కలు నేర్పి, పరువు అని ఒక తాళం వేసి పెట్టా.”

“ఎవరూ తిట్టరు సరే. నవ్వుతారుగా.”

“ఏంటి?”

“ఏం లేదులే.”

“ఏం లేదు కాదు. చెప్పండి.”

“పోనీలేమ్మా, ఇప్పుడెందుకది?”

“మీకు గుండెల్లో నెప్పొచ్చిన రోజు గురించేనా?”

“నెప్పి కాదు, గ్యాసు. నువ్వే అన్నావుగా.”

“మామయ్యా…”

“గుండె పట్టేసినట్టయింది ఆ రోజు. చెమట్లు పట్టాయి. అయిపోయాననుకున్నా. ఆ నంబరుకి నేనే చేశా, ఏడుపొచ్చింది. బండొచ్చింది. గుండెకి తీగలు పెట్టారు, చూశారు. ఇంతలో బ్రేవుమని ఒక్క త్రేన్పొచ్చింది, నెప్పి పోయింది. వాళ్ళు కూడా నవ్వారు. మంచిగానే నవ్వారులే.”

“ఆ తర్వాత నేను…”

“నువ్వు మీ కాల్‌రూంలో ఆ ఫోను రికార్డింగు మళ్ళీ విన్నావుట. ‘అమ్మా, నేను పోతున్నానమ్మా, మా ఆవిణ్ణి చూసుకోండమ్మా’ అన్నానుట. వియ్యాలవారొచ్చిన రోజు అన్నం దగ్గర నా గొంతు పెట్టి అనుకరించి చూపించావు. చివర్లో త్రేన్పు కూడా. వియ్యపురాలు కుర్చీలోంచి కిందపడేంత నవ్వింది. మీ వాళ్ళంతా నాకు త్రేన్పు మామయ్య అని పేరు కూడా పెట్టారుటగా.”

“మీరూ నవ్వారు కదా ఆ రోజు.”

“నవ్వక? నలుగురూ నవ్వుతుంటే ఒక్కణ్ణే మొహం మాడ్చుకుని కూర్చోనా?”

“మీరు చేసింది తప్పే కాదు మామయ్యా. చెమట్లు, గుండెలో నొక్కు, అలా ఉంటే పిలవాల్సిందే. గ్యాసో కాదో ఇంట్లో కూర్చుని ఎవరికి తెలుస్తుంది? పదిసార్లు గ్యాసైనా పదకొండోసారీ పిలవాల్సిందే. అదే వేరేవాళ్ళైతే ‘చేసి మంచిపని చేశారండీ’ అనేదాన్ని. రూలది. అలా అనకుండా ఫోన్ పెట్టకూడదు మేం. మీకు మాత్రం అనలేదు.”

“అనలేదు.”

“ఇప్పుడంటే ఏం లాభం? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం.”

“నర్సమ్మ వస్తోంది. అమ్మా, ఏమైంది? సూది… ఇచ్చేశారా?”

“ఇవ్వలేదు పెద్దాయనా. సూది గుచ్చబోతున్న చెయ్యి ఆపినట్టయింది. డాక్టరుగారు మీమీద ఎంత కోప్పడ్డారో చెప్పను, వద్దు. అదిచ్చుంటే ఇవాళ ఆవిడ మీకు దక్కేవాళ్ళు కాదు.”

“ఇంక మందు లేదా నర్సుగారూ?”

“ఆ మందు లేదమ్మా, దాని టైము దాటిపోయింది. ఇంకో దారుంది. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పైదాకా పంపి, గడ్డని పట్టి లాగేస్తారు. ఆలస్యమైనవాళ్ళక్కూడా కొందరికి చేస్తారు. మెదడు ఎంత మిగిలుందో చూసుకోవాలి. స్కాన్ బొమ్మ చూస్తున్నారు, మాట, తెలివి కూడా పరీక్ష చేస్తున్నారు. బాగానే ఉందనుకుంటే చేస్తారు. లేదంటే చెయ్యరు. ఇక్కడే ఉండండి, ఎక్కడికీ వెళ్ళకండి.”

“అంటే ఇంకా ఆశ ఉందనేగా అమ్మా ఆవిడ చెప్పింది?”

“ఉంది మామయ్యా. తెలివి మిగిలుంటే ఉంది.”

“మిగిలుంటుంది. గట్టి మనిషి. మిషను సంగతి చెప్పలేదూ?”

“అది పొద్దున. ఇంతసేపు గడిచాక ఎంత మిగిలిందో… అత్తయ్యా! నా పరువు కోసం ఆగిపోయారు మామయ్యా ఆవిడ. ఒక చెయ్యి చచ్చిపోతుంటే, నోరు పక్కకి పోతుంటే, ‘పిల్లకి తలవంపులు’ అనుకుంటూ కూర్చున్నారు. నేనెవర్ని? కడుపున పుట్టినదాన్నా? జడ వేస్తారు నాకు ఇప్పటికీ. డ్యూటీ నుంచొస్తే అరికాళ్ళు నొక్కబోతారు, నేనే లాగేసుకుంటా. అలాంటి మనిషిని నా వెకిలి మాటలు గొంతు నొక్కేశాయి. మీ అబ్బాయికేమని చెప్పను? ‘మీ అమ్మ నా జోకులకి భయపడి ఫోన్ చేయలేదండీ’ అనా?”

“ఏడవకమ్మా.”

“ఏడవనివ్వండి.”

“నువ్వలా ఏడుస్తుంటే నేను చూడలేను.”

“చూడకపోతే అటు తిరగండి. ఆవిడ వద్దనుకోడానికి కారణం నేనే. బతికినా ఆ మొహం చూడలేను, బతక్కపోతే…”

“వద్దనలేదు.”

“ఏంటి?”

“మీ అత్తయ్య వద్దనలేదమ్మా.”

“మరి ఇందాక…”

“అబద్ధం చెప్పా. నువ్వు దాన్ని నమ్మి నీమీద వేసుకుంటావనుకోలేదు. ఇంక మొయ్యలేను. మీ అత్తయ్యే ఫోన్ చెయ్యమంది. సూది జారిన రెండోసారికే అంది. ‘ఏదో తేడాగా ఉంది, అమ్మాయి వాళ్ళకి ఫోన్ చెయ్యి’ అంది.”

“మీరేమన్నారు?”

“‘సూది జారిందని ఫోనా? నన్ను త్రేన్పు మామయ్యని చేశారు, నిన్ను సూది అత్తయ్యని చేస్తారు’ అన్నా.”

“అయ్యో!”

“తూలి మిషను పట్టుకున్నాక మళ్ళీ అంది. మాట సరిగ్గా రావట్లేదు అప్పటికి. ఎడంచేత్తో ఫోన్ వైపు చూపించింది. ‘కాసేపాగవే, నూనె రాస్తే పోతుంది’ అన్నా. నూనె కాచుకుని వచ్చేసరికి కుర్చీలోంచి లేచి, గోడ పట్టుకుని, ఫోన్ దాకా వెళ్ళిపోయింది. ఎడంచేత్తో నొక్కుతోంది. తప్పు నంబర్లు పడుతున్నాయి, మళ్ళీ నొక్కుతోంది.”

“లాక్కున్నారా?”

“లాక్కోలేదు. మెల్లిగా… లాక్కున్నా. లాక్కుని బట్టల బీరువా మీద పెట్టేశా, దానికి అందకుండా. నావైపు చూసింది. కూర్చోబెట్టి నూనె రాశా. తర్వాత గుండీలు కుట్టుకుంటూ కూర్చున్నా, దాని మొహం చూడకుండా. ఒక చొక్కా అయితే తగ్గుతుంది, రెండో చొక్కా అయితే తగ్గుతుంది అనుకుంటూ. టీచరుగారు వచ్చేదాకా.”

“గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చారు కదా మామయ్యా! ఒక్క నవ్వు పడలేక!”

“పడలేకే.”

“ఆవిడ గోడ పట్టుకుని వెళ్ళారంటే… చెయ్యి తియ్యండి. నన్ను పట్టుకోకండి ఇప్పుడు. కాసేపు నాతో మాట్లాడకండి.”

“మాట్లాడను.”

“మొదట ‘వద్దంది’ అని ఆవిడ మీద తోశారు. తర్వాత నా మూడు లెక్కలు వల్లించారు. అన్నీ చెప్పారు, ఇది తప్ప.”

“ఇది చెప్పడానికి నోరెలా వస్తుందమ్మా? తిట్టు. నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు. అబ్బాయి వస్తే వాడికీ నేనే చెప్తా. వాడు కొట్టినా పడతా.”

“తిట్టే మొహం నాకూ లేదు. ఆ నవ్వు నేర్పింది నేనేగా. ఎవర్ని తిట్టాలో తెలీడం లేదు.”

“నాకొక్కటే కావాలి తల్లీ. అది మళ్ళీ కళ్ళు తెరిచి, ‘ఫోనెందుకు లాక్కున్నావు’ అని నన్ను కడిగెయ్యాలి. నలుగురిలో కడిగెయ్యాలి. అంతే చాలు.”

“లోపల్నుంచి నర్సుగారు వస్తున్నారు. లేవండి.”

“పెద్దాయనా, ఇటు రండి. మీరూ రండమ్మా. డాక్టరుగారు పేషెంటుతో మాట్లాడిస్తున్నారు. మాట ముద్దగానే ఉంది కానీ వస్తోంది. ఆవిడ ఒకే సంగతి పట్టుకుని పదేపదే చెప్తున్నారు. అది నిజంగా జరిగిందో లేదో మీరు చెప్పాలి. ఇంట్లో ఆవిడతో ఉన్నది మీరేగా పెద్దాయనా.”

“ఏం చెప్తోందమ్మా? నన్ను తిడుతోందా?”

“తిట్టడం కాదు. జరిగింది జరిగినట్టు గుర్తుంటే మెదడు నిలబడిందనుకుంటారు, వెంటనే లోపలికి తీసుకెళ్తారు. జరగనిది జరిగినట్టు చెప్తుంటే మతి చెదిరిందని రాయాలి. అందుకని సరిగ్గా ఆలోచించి చెప్పండి.”

“ఏమంటున్నారు మా అత్తయ్య?”

“‘మా ఆయన ఫోన్ చేస్తానంటే నేనే వద్దన్నా. ఆయన చేతిలోంచి నేనే లాక్కుని బీరువా మీద పెట్టేశా. ఆయన్నెవరూ ఏమీ అనకండి, కోడల్ని కూడా.’ ఇదే మాట. అంతేనా జరిగింది?”

“నన్నేమీ అనొద్దందా అది?”

“పెద్దాయనా, చెప్పాలి మీరు. అక్కడ ఎదురుచూస్తున్నారు. నిజమేనా ఆవిడ చెప్పేది?”

“చెప్పండి మామయ్యా.”

“అబద్ధమమ్మా. పచ్చి అబద్ధం, నన్ను వెనకేసుకురావడానికి. దాని తెలివి చెక్కుచెదరలేదని డాక్టరుగారికి చెప్పండి.”